మందు పట్టిన కట్టెను మట్టిలో పాతొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండకు దగ్గరి ఊరు. 200 గజాల జాగాలో ఇల్లు కడుతున్నాం. ముందర 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో రేకుల వరండా, దానికి నాలుగు కట్టె గుంజలు అనుకున్నాం. కింద షాబాద్ బండలు పరుస్తాం. 10 అడుగుల గుంజ తెచ్చి రెండున్నర అడుగులు భూమిలో పాతి, చుట్టూ కాంక్రీటు పోస్తానంటున్నాడు మేస్త్రీ. అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు కూడా ‘ట్రీటెడ్ కట్టె అయితే పాతొచ్చు, ఇక్కడ అట్లనే చేస్తరు’ అన్నాడు. టింబర్ డిపోలో రెండు రకాల పైన్ చూపించారు. ఒకటి తెల్లగా ఉంది, మీద గోధుమ కంకి బొమ్మ, ‘హెచ్‌టీ’ అని ముద్ర. ఇంకోటి ఆకుపచ్చ ఛాయ, రేటు ఎక్కువ. రెండూ ట్రీటెడేనంట. ఏది తీసుకోవాలి? మా నేల పైన రెండడుగులు నల్లరేగడి, కింద మొరం. సింహద్వారం టేకు దర్వాజ కాళ్లు కూడా రెండంగుళాలు ఫ్లోరింగులో దిగాలంటున్నారు, డాంబర్ పూస్తే చాలంట. పాత కంచెకు పెట్టిన నీలగిరి గుంజలు రెండేళ్లకే మొదలు దగ్గర విరిగిపోయినయి. అందుకే అడుగుతున్నాం.

జవాబు: ముందుగా ఆ తెల్ల పైన్ సంగతి. దాన్ని మట్టి దరిదాపులకు కూడా తేకండి. గోధుమ కంకి ముద్ర ఓడల్లో సరుకుతో పాటు వచ్చే ప్యాకింగ్ కట్టెకు వేసేది. ‘హెచ్‌టీ’ అంటే ఆ కట్టె నడిమధ్య కూడా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలేలా కాచారని అర్థం. ఒక దేశం పురుగు ఇంకో దేశానికి పోకుండా చేసే ఏర్పాటు అది. అప్పటికి లోపలున్న పురుగు చస్తుంది, అంతే. కట్టెలో మందు చుక్క కూడా ఉండదు. చల్లారిన మరుక్షణం నుంచి అది మామూలు పైనే, మన చెదలకు మెత్తటి మేత. ‘ఎంబీ’ అని ముద్ర ఉన్నా ఇదే మాట, అది మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన కట్టె. డిపోవాళ్లు ‘ట్రీటెడ్’ అనడం అబద్ధం కాకపోవచ్చు గానీ మీకు కావాల్సిన ట్రీట్‌మెంటు అది కాదు.

ఆకుపచ్చది మందు పట్టించిన కట్టె అయి ఉండొచ్చు. రంగు చూసి మాత్రం నమ్మకండి, రంగు పైపైన పూసి కూడా తేవచ్చు. డిపోవాళ్లను మూడు సంగతులు అడగండి: ఏ మందు, ఎట్లా పట్టించారు, ఘనమీటరుకు ఎన్ని కిలోలు నిలిచింది. పట్టించే పద్ధతి ‘వాక్యూమ్ ప్రెషర్’ అయి ఉండాలి. అంటే ఆరిన కట్టెను ఉక్కు సిలిండర్‌లో పెట్టి, ముందు గాలి లాగేసి, మందు నీళ్లు నింపి, గంటల తరబడి ఒత్తిడి పెట్టడం. తొట్టిలో ముంచి తీసినా, బ్రష్షుతో పూసినా మందు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పోదు. మొదటి పగులు వచ్చిన రోజే చెదలకు దారి దొరుకుతుంది.

కిలోల లెక్క ఎందుకంటే, అదే మందు, అదే కట్టె అయినా వాడే చోటును బట్టి మోతాదు మారుతుంది. సీసీఏ అనే రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిశ్రమానికి అమెరికా ప్రమాణంలో నేలకు తగలకుండా పైన వాడే కట్టెకు ఘనమీటరుకు 4 కిలోలు చాలు. మట్టిలో పాతే మామూలు గుంజకు 6.4, బరువు మోస్తూ మట్టిలో ఉండేదానికి 9.6 ఉండాలి. న్యూజిలాండ్ నుంచి వచ్చే పైన్ మీద అంకె ఉంటుంది: హెచ్3 అంటే వానకు తడిసినా నేలకు తగలని చోటికి, హెచ్4 అంటే మట్టిలో పాతడానికి, హెచ్5 అంటే మట్టిలో ఉంటూ ఇంటి బరువు మోయడానికి. మీ అన్న కొడుకు చెప్పింది ఈ ఎక్కువ మోతాదు కట్టె గురించి. అక్కడ అది గ్రేడు రాసిన చీటీతో దొరుకుతుంది కాబట్టి అనగలిగాడు. చీటీ లేని కట్టెకు ఆ మాట వర్తించదు. డిపోలో మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు రాకపోతే, ఆ కట్టెను మట్టికి దూరంగా వాడుకునే కట్టెగానే లెక్కేసుకోండి.

సీసీఏను 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపెట్టినవారు సొంఠి కామేశం. ప్రపంచమంతా దశాబ్దాలు వాడిన మందు అది. ఆర్సెనిక్ ఉంది కాబట్టి 2003 ఆఖరుతో అమెరికాలో ఇళ్లకు, పిల్లలు ఆడుకునే చోట్లకు దాన్ని మానేశారు. ఇప్పుడక్కడ వాడే రాగి మందులు ఏసీక్యూ, కాపర్ అజోల్. ఇవి మనుషులకు నయం, మేకులకు మాత్రం చేటు. ఆ సంగతి కింద చెబుతాం.

ఇక మీ నీలగిరి గుంజల దగ్గరికి వద్దాం. విరిగినదాని అడుగు ముక్కను తవ్వి తీసి చూడండి. అట్టడుగు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది, పై భాగమూ బాగానే ఉంటుంది. పోయేది నేల మట్టానికి రెండు మూడు అంగుళాల పైనుంచి అడుగు లోతు దాకా. కట్టెను కుళ్లబెట్టే శిలీంధ్రానికి తేమా కావాలి, గాలీ కావాలి. కట్టెలో తేమ 20 శాతం లోపుంటే అది పెరగదు, కాబట్టి పైన పోదు. బాగా లోతులో గాలి ఆడదు, అక్కడా నెమ్మది. రెండూ సరిపడా దొరికేది ఆ మధ్య జానెడు మూరెడు జాగాలోనే. చెదలు ఎక్కేదీ అక్కడే. గుంజ వంగితే బరువంతా పడేదీ అక్కడే. గుంజ కొనకు ఎంత డాంబర్ పూసినా, కాల్చి పాతినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. పైగా డాంబర్ పొర కింద తేమ చిక్కుకుంటే బయటికి రాలేక లోపలే పుచ్చుతుంది. బండి కాలిన ఆయిల్ మందు కాదు, నాలుగు వానలకు దిగిపోయి బావినీ బోరునూ పాడు చేస్తుంది. వెదురుకు పట్టించే బోరాక్స్, బోరిక్ యాసిడ్ ఇంటి కప్పు కింద చక్కగా పనిచేస్తాయి, మట్టిలో మాత్రం నీళ్లతో కడుక్కుపోతాయి.

మేస్త్రీ చెప్పిన కాంక్రీటు ఈ చిక్కును ఇంకా పెంచుతుంది. పోసిన రోజు కట్టె, కాంక్రీటు అతుక్కునే ఉంటాయి. ఒక ఎండాకాలం తర్వాత కట్టె కుంచించుకుపోయి చుట్టూ గోరు దూరేంత సందు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గుంజ మీద కారిన ప్రతి చుక్కా ఆ సందులోకి దిగుతుంది. కింద కూడా కాంక్రీటే ఉంటే నీళ్లు పోయే దారి లేదు. అంటే గుంజను గిన్నెలో నిలబెట్టినట్టే. మీది నల్లరేగడి కూడా. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, ఏటా గుంజను కాస్త లేపి కాస్త వంచుతుంది.

అందుకని ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. పైకప్పు మోసే గుంజ ఎంత మంచి మందు పట్టినదైనా మట్టిలోకి దిగకూడదు. కంచె గుంజ పోతే తీసి ఇంకోటి పాతుకుంటాం. వరండా గుంజ మట్టిలో పుచ్చితే బయటికి కనబడదు, కనబడే నాటికి రేకులు మీదుంటాయి, కింద మనుషులుంటారు. మన పాత ఇళ్లలో టేకు స్తంభాన్ని కూడా రాతి దిమ్మె మీదే నిలబెట్టారు. చేవ ఉన్న టేకుకే ఆ జాగ్రత్త తీసుకున్నప్పుడు పైన్‌కు తీసుకోకపోతే ఎట్లా?

చేయాల్సింది ఇది. ఒక్కో గుంజ దగ్గర రెండున్నర అడుగుల చదరంతో, మొరం తగిలేదాకా, అంటే రెండున్నర అడుగుల లోతు గుంత తీయండి. అడుగున 18 అంగుళాల చదరం, 24 అంగుళాల ఎత్తు కాంక్రీటు దిమ్మె 1:2:4 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) పోయండి. దీని బరువు సుమారు 300 కిలోలు. ఈ బరువు ఊరికే కాదు. రేకుల వరండాకు అసలు గండం ఏప్రిల్, మే గాలిదుమారాల్లో రేకులను కింది నుంచి లేపే గాలి. దాన్ని పట్టి ఉంచేది ఈ దిమ్మెలే. దాని మీద 12 అంగుళాల చదరం చిన్న దిమ్మె కట్టి, పరిచిన బండల మీదికి 8 అంగుళాలు తేలేలా ఉంచండి. పెద్ద దిమ్మె నుంచి చిన్న దిమ్మెలోకి నాలుగు 10 ఎంఎం కడ్డీలు రావాలి, లేకపోతే గాలికి పైది ఊడొస్తుంది. నాలుగు గుంజలకు కలిపి సుమారు 4 బస్తాల సిమెంటు పడుతుంది. దిమ్మె చుట్టూ మళ్లీ నల్లమట్టి నింపొద్దు. మొరం వేసి, ఆరంగుళాలకు ఒకసారి తడిపి దిమ్మిస కొట్టండి. రేగడి కాంక్రీటును పట్టుకుని పైకి లేపకుండా ఉండాలంటే ఈ మొరం తప్పదు.

ఎనిమిది అంగుళాల ఎత్తుతో మూడు పనులు అవుతాయి. బండలు కడిగినప్పుడు, వాన చినుకు ఎగిరి చిమ్మినప్పుడు తడి కట్టెకు అందదు. రెండోది, చెదలు ఎండను తట్టుకోలేవు కాబట్టి మట్టి గొట్టం కట్టుకుంటూనే పైకి రావాలి. ఆ మట్టి గీత దిమ్మె మీద కంటికి కనబడుతుంది, చీపురుతో తుడిచేయొచ్చు. మూడోది, 10 అడుగుల గుంజ బదులు ఏడున్నర అడుగులది చాలు. నాలుగింటి మీద 10 అడుగుల కట్టె మిగులుతుంది, గుంజ అడుగును దిమ్మెకు పట్టి ఉంచే ఇనుప షూలకు ఆ డబ్బు పనికొస్తుంది.

షూ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. కింద 8 అంగుళాల చదరం, 8 ఎంఎం మందం ప్లేటు, నాలుగు 12 ఎంఎం యాంకర్ బోల్టులకు రంధ్రాలు. దాని మీద అంగుళంన్నర పైపు ముక్క, దానిపై గుంజ కూర్చునేలా 6 ఎంఎం ప్లేటుతో ‘యు’ ఆకారం. ‘యు’ అడుగున 12 ఎంఎం రంధ్రం తప్పకుండా పెట్టించండి, చేరిన నీరు కారిపోవడానికి. గుంజ అడుగుకూ కాంక్రీటుకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. ‘యు’ రెక్కల గుండా గుంజ అడ్డంగా 12 ఎంఎం బోల్టులు రెండు, పెద్ద వాషర్లతో. ఒకదాని కింద ఒకటి నిలువు గీతలో కాకుండా కాస్త పక్కకు జరిపి వేస్తే కట్టె చీలదు.

ఇందాక మేకుల సంగతి అన్నాం కదా. మందులోని రాగి తడి తగిలినప్పుడు మామూలు ఇనుమును తినేస్తుంది. ఏసీక్యూ, కాపర్ అజోల్ అయితే సీసీఏ కన్నా తొందరగా. దుకాణంలో తళతళలాడే పసుపు, తెలుపు పూత స్క్రూలు దీనికి ఆగవు. కరిగిన జింకులో ముంచిన హాట్‌డిప్ బోల్టులైనా, 304 స్టెయిన్‌లెస్ స్టీలైనా తీసుకోండి. షూను కూడా హాట్‌డిప్ చేయించడమే సరైన పద్ధతి, సిల్వర్ పెయింట్ కాదు. వీలుకాకపోతే జింక్ ప్రైమర్ రెండు కోట్లు, మీద ఎనామెల్ వేసి, కట్టెకూ ఇనుముకూ మధ్య మందపాటి ప్లాస్టిక్ షీటు పెట్టండి. షీటు అడుగు రంధ్రాన్ని మూయకుండా చూసుకోండి.

పాతనందువల్ల పోయేది కూడా ఒకటి ఉంది. మట్టిలో పాతిన గుంజ దానంతట అది ఊగకుండా నిలబడుతుంది, షూ మీది గుంజ నిలబడదు. కాబట్టి ప్రతి గుంజ నుంచి పై దూలానికి 45 డిగ్రీల వాలులో, రెండడుగుల పొడవు ఆనుడు కర్రలు ఇరువైపులా బోల్టులతో బిగించాలి. వరండా దూలాలు ఇంటి గోడకు గట్టిగా పట్టి ఉండాలి. ఈ రెండూ మరిచిపోతే షూ ఎంత గట్టిదైనా వరండా ఊగుతుంది.

కట్టె కోసే దగ్గర చాలామంది బోల్తా పడతారు. మందు బాగా తాగేది చుట్టూ ఉండే తెల్లకట్టె. చేవ మందును లోపలికి రానివ్వదు. గుంజను కోసినా, బోల్టుకు రంధ్రం వేసినా మందు అందని లోపలి కట్టె బయటపడుతుంది. అందుకే పొడవు తగ్గించాల్సి వస్తే పైకొన కోయండి, ప్లాంటులో మందు పట్టిన కొన కిందికి ఉండనివ్వండి. కోసిన ప్రతి చోటా, రంధ్రం లోపల కూడా, కాపర్ నాఫ్తనేట్ అనే పూత మందు రెండు కోట్లు పట్టించాలి. మందు పట్టించిన ప్లాంటువాళ్ల దగ్గరే అడిగి తెచ్చుకోండి. తెచ్చిన కట్టె పచ్చిగా, బరువుగా ఉంటే నీడలో మధ్యన బద్దలు పెట్టి దొంతర పేర్చి రెండు మూడు వారాలు ఆరనివ్వండి. తడి కట్టెకు బోల్టు బిగిస్తే తర్వాత అంతా వదులవుతుంది.

చెదల మందు మట్టికి. ఇంటి పునాది పని ఇంకా నడుస్తుంటే ఇప్పుడే చేయించండి, తర్వాత ఫ్లోరింగ్ పగలగొట్టాలి. చెదల నివారణకు మన ప్రమాణం ఐఎస్ 6313. దాని ప్రకారం గుంత అడుగుకు చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాదిని ఆనుకుని నింపే మట్టికి నిలువు ముఖం చదరపు మీటరుకు 7.5 లీటర్ల ద్రావణం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ (నీళ్లలో కలిపే చిక్కటి ద్రవ మందు) అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. మీ గుంజ గుంత ఒక్కోదానికి సుమారు పన్నెండున్నర లీటర్ల ద్రావణం, అంటే 26 మిల్లీలీటర్ల మందు పడుతుంది. ఈ లెక్క తెలిస్తే వచ్చినవాళ్లు ఎన్ని లీటర్లు పోస్తున్నారో మీరే చూసుకోవచ్చు. చాలాచోట్ల మందు సరైనదే, నీళ్లే సగం కూడా పోయరు. బోరుకు, బావికి దగ్గర్లో మాత్రం పోయించకండి, వాన ముసురులోనూ వద్దు.

అంతకన్నా ముందు బేస్‌మెంట్‌లో మొరం నింపేటప్పుడు మీరు దగ్గరుండండి. ముగ్గు పోసిన రోజు పాతిన కొయ్యలు, సెంట్రింగ్ చెక్క ముక్కలు, సిమెంటు సంచులు, చెట్టు వేర్లు అందులోనే పడి కప్పడిపోతాయి. ఇంట్లోకి చెదలు వచ్చే మొదటి మేత అదే. ఒక్క మనిషిని పెట్టి ఏరించేయండి.

దర్వాజ కాళ్లు ఫ్లోరింగులో దిగాల్సిన అవసరం లేదు. దర్వాజను నిలబెట్టేది ఇరువైపులా గోడలో పెట్టే మూడేసి హోల్డ్‌ఫాస్ట్‌లు (ఇనుప పట్టీలు), కాళ్లు కాదు. గ్రానైట్ పట్టీ పరిచి దాని మీద కాళ్లు ఆపండి. గడప కూడా ఆ రాయి మీదే కూర్చోవాలి, గచ్చులో మునగకూడదు. గడపకు వారం వారం నీళ్లు, పసుపు తగులుతూనే ఉంటాయి. కింద సిమెంటు ఆ తడిని పీల్చి పట్టుకుంటే టేకైనా పుచ్చుతుంది. గడపకు మందు పట్టిన కట్టె వాడొద్దు, చేతులు పడే చోటు అది. పూర్తిగా చేవ ఉన్న టేకు వేయండి. టేకు అన్నంత మాత్రాన చాలదు, లేత తోట టేకులో తెల్లకట్టె ఎక్కువ, దాన్ని చెదలు వదలవు. అంచుల్లో తెల్ల గీత కనబడితే ఆ వైపు చెక్కించేయండి, లేదా ఆ దిమ్మ మార్పించండి. గోడకు తగిలే వెనక ముఖానికి బిగించకముందే ప్రైమర్ వేయించాలి, తర్వాత అందదు.

కంచెకైతే మన దిక్కు రాతి కడీలను మించింది లేదు. కుళ్లదు, చెద పట్టదు. కట్టెతోనే కావాలనుకుంటే కోసిన నలుచదరం గుంజ కాకుండా, మట్టిలో పాతే మోతాదు మందు పట్టిన గుండ్రటి గుంజ తీసుకోండి. దాని చుట్టూ తెల్లకట్టె వలయం తెగకుండా ఉంటుంది, మందు అంతా అందులోనే. 7 అడుగుల గుంజకు 2 అడుగుల లోతు. అడుగున ఆరంగుళాల కంకర, చుట్టూ మొరం దిమ్మిస, నేల మట్టం దగ్గర నీళ్లు దూరంగా జారేలా మూడంగుళాల గుట్ట. ఏటా మే నెలలో గుంజ మొదలు దగ్గర జానెడు తవ్వి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. సులువుగా దిగితే ఆ గుంజ వానాకాలం ఆగదు. పాత రైల్వే స్లీపర్లు చవగ్గా దొరికినా ఇంటికి తేకండి. వాటికి పట్టించే క్రియోసోట్ క్యాన్సర్ కారకం, ఎండకు మరకలుగా ఊరుతుంది.

కోసేటప్పుడు ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకోండి. పొట్టును పరదా మీద పట్టి సంచిలో కట్టేయండి, కోళ్ల కిందా పశువుల కొట్టంలో పరచొద్దు. మిగిలిన ముక్కలతో కూరగాయల మడి కట్టొద్దు. పొయ్యిలో అసలే పెట్టొద్దు, సీసీఏ కట్టె కాలితే ఆర్సెనిక్ పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది. నీళ్లు కాగబెట్టుకోవడానికి ఎవరైనా ఎత్తుకుపోకముందే కూలీలకు, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి. వరండా వేశాక మొదటి ఎండాకాలం దాటగానే షూ బోల్టులన్నీ ఒకసారి పానాతో బిగించాలి, కట్టె ఆరి సన్నబడి అవి వదులై ఉంటాయి.